మా వరంగల్ ఎండలు, వానలు, ఒక ఎక్సెల్ షీటు

వరంగల్ వాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా, అది గచ్చిబౌలి కావచ్చు డల్లాస్ కావచ్చు, ఊరి వాతావరణం మీద చెప్పుకునే జోకు ఒకటే. మాకు మూడు కాలాలు: ఎండాకాలం, బాగా ఎండాకాలం, పెళ్ళిళ్ళ కాలం. మూడోది కూడా ఎండాకాలమే అని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా :)

జోకు బాగానే ఉంది. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. చిక్కేంటంటే, ఊరు వదిలి పదిహేను ఇరవై ఏళ్ళయిన మనలాంటి వాళ్ళకి ఊరి వాతావరణం అంటే ఆ జోకు తప్ప పెద్దగా ఏం మిగల్లేదు. ఫోన్ తెరిస్తే వెదర్ యాప్ లో ఒక అంకె కనబడుతుంది. వరదలొస్తే వాట్సాప్ లో వీడియోలొస్తాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "వానలున్నయా?" "ఆ, ఉన్నయి" అనేసరికి ఆ సబ్జెక్టు అయిపోతుంది. ఆ అంకెకీ ఆ వీడియోకీ మధ్యలో ఉన్న మిగతా రోజుల మీదే ఊళ్ళో మనవాళ్ళు గింజలు పెడుతున్నారు, అప్పులు తెస్తున్నారు. మనమేమో ప్లాట్లు కొంటున్నాం. అందుకే ఓ రెండు వారాంతాలు కూర్చుని దొరికిన వానలెక్కలన్నీ ఒక ఎక్సెల్ షీటులో పోసి చూశాను. అందులో నాకు అర్థమైంది కొంత, అర్థమయ్యాక కోపం వచ్చింది కొంత.. రెండూ ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చిన్న క్విజ్. సియాటిల్ లో ఎక్కువ వాన పడుతుందా, వరంగల్ లోనా? రెడ్మండ్ లో ఉండే మిత్రులు వెంటనే చెయ్యెత్తుతారు. కానీ ఏడాది మొత్తం లెక్కేస్తే రెండు చోట్లా పడేది దాదాపు ఒకటే, వెయ్యి మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. సియాటిల్ లో ఆ వెయ్యి సుమారు నూటయాభై రోజుల మీద చినుకు చినుకుగా రాలుతుంది. గొడుగు తీసుకెళ్ళాలా వద్దా అన్నది అక్కడి సమస్య. మా దగ్గర అందులో ముప్పాతిక వంతు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోవాలి, అదీ యాభై చిల్లర రోజుల్లో. (మన వాతావరణ శాఖ లెక్కలో రోజుకి రెండున్నర మిల్లీమీటర్లు పడితే గానీ అది వాన రోజు కాదు.) మిగతా ఎనిమిది నెలలు ఆ నీళ్ళు దాచుకుని బతకాలి. "సగటు వర్షపాతం" అన్న ఒక్క కాలమ్ చూస్తే మాత్రం రెండు ఊళ్ళూ కవల పిల్లలే.

సగటు సంగతి ఇంకా బాగా తెలియాలంటే 2023 చూడాలి. జూలై 27 పొద్దున ఎనిమిదిన్నరకి ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. లండన్ లో ఏడాదంతా పడే వాన కంటే ఎక్కువ, ఒక్క రోజులో! ఆ పక్కనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 600 దాటింది. తెలంగాణలో అంతకుముందు రికార్డు 2013 జూలైలో వాజేడులో పడిన 517 మిల్లీమీటర్లు. మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. జనం డాబాల మీదా చెట్ల మీదా ఉంటే ఆర్మీ హెలికాప్టర్లు వచ్చి దింపుకొచ్చాయి. ఏటూరునాగారం దగ్గర కొండాయిలో మనుషులు కొట్టుకుపోయారు. ఇదంతా మీరు వీడియోల్లో చూసే ఉంటారు.

వీడియోల్లో రానిది ఆ తర్వాతి నెల. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అంత పొడిగా గడిచిన ఆగస్టు. తెలంగాణ కూడా దానికి మినహాయింపు కాదు. జూలైలో చేలో ఇసుక మేట వేసిన రైతే ఆగస్టులో మొగులు వంక చూస్తూ కూర్చున్నాడు. సెప్టెంబర్ లో మళ్ళీ వానలు పడ్డాయి. సీజన్ చివర్లో రాష్ట్రానికి వచ్చిన ముగింపు లెక్క "సాధారణం కంటే ఎక్కువ". ఎక్సెల్ లో ఆ గడి పచ్చగా ఉంటుంది. మునిగినవాడు, ఎండినవాడు ఇద్దరూ ఆ పచ్చ గడిలోనే ఉన్నారు.

ఇంకో తలనొప్పి.. ఇది మన డేటాబేస్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. "వరంగల్ జిల్లా" అన్న ప్రైమరీ కీ 2016 అక్టోబర్ 11న ముక్కలైంది. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2019 లో భూపాలపల్లి లోంచి ములుగు విడిపోయింది. 2021 లో అర్బన్ పేరు హన్మకొండ, రూరల్ పేరు వరంగల్ అయ్యాయి, సరిహద్దుల్లో కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ జరిగాయి. అంటే 2015 లో "వరంగల్" అని ఉన్న వరుసా, 2022 లో "వరంగల్" అని ఉన్న వరుసా ఒకటి కాదు. పేరు చూసి జాయిన్ కొట్టారో, అయిపోయింది :) మండలం స్థాయికి దిగి మళ్ళీ కట్టుకుంటూ రావాలి, అది కూడా కొత్త మండలాలు పుట్టిన చోట కుదరదు.

విసుగ్గా ఉన్నా, ఆ పని చేస్తున్నప్పుడే నాకు పాత లెక్కల్లో ఉన్న మోసం కనబడింది. పాత వరంగల్ జిల్లాలో పడమటి కొస జనగామ. ఎర్ర చెలకలు, బోర్లు వేసీ వేసీ అలసిపోయిన ఊళ్ళు, కరువుకి పెట్టింది పేరు. తూర్పు కొస ములుగు, ఏటూరునాగారం, తాడ్వాయి అడవి. గోదావరి ఒడ్డు, రాష్ట్రంలో బాగా వానలు పడే చోట్లలో ఒకటి. ఈ రెంటినీ కలిపి సగటు తీసి దశాబ్దాల పాటు "వరంగల్ జిల్లాలో వర్షపాతం సాధారణం" అని పేపర్లో వేశారు. ములుగులో అడవి మీద పడ్డ వాన జనగామ రైతు ఖాతాలో జమ అయ్యేది. జిల్లాల విభజన మీద ఎవరి రాజకీయం వాళ్ళది, అందులోకి నేను పోను. కానీ ఎవరూ అనుకోకుండా జరిగిన మేలు ఒకటుంది: హెచ్చరికలు జిల్లా వారీగా ఇస్తారు కాబట్టి, ఒక్క రంగు వేసిన చోట ఇప్పుడు ఆరు రంగులు వేయొచ్చు.

ఏ మాటకామాటే, లెక్కలు ఇప్పుడు చాలా మెరుగు. రాష్ట్ర ప్రణాళికా అభివృద్ధి సొసైటీ వాళ్ళకి వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, మండలానికి ఒకటైనా ఉంటుంది. లక్ష్మీదేవిపేట లాంటి పల్లెలో పడ్డ వాన దశాంశంతో సహా మనకి తెలిసిందంటే దాని పుణ్యమే. మండలం వారీ రోజువారీ డేటా రాష్ట్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ లో ఎవరైనా దించుకోవచ్చు. ఇక్కడో అనుమానం రావాలి మీకు. రికార్డు బద్దలైందంటే వాన పెరిగిందా, కొలిచే డబ్బాలు పెరిగాయా? న్యాయమైన ప్రశ్నే. 1970 లో లక్ష్మీదేవిపేటలో ఇంత వాన పడినా తాలూకా ఆఫీసు దగ్గరి డబ్బాలో నాలుగు చుక్కలు పడి ఉండొచ్చు. కానీ పాత డబ్బాల లెక్కలే తీసుకుని చూసినవాళ్ళున్నారు. పుణె ఐఐటీఎం లో రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017 లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్యలో సుమారు మూడింతలయ్యాయి. అరేబియా సముద్రం మీంచి వచ్చే తేమలో ఒడిదుడుకులు పెరగడం కారణమన్నారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరి పట్టగలదు, ఇది ఇంటర్మీడియట్ ఫిజిక్సే. కాబట్టి రెండూ పెరిగాయి, డబ్బాలూ వానా.

ఇప్పుడు మిల్లీమీటర్లు పక్కన పెట్టండి. మా పెద్దబాపు ఎప్పుడూ మిల్లీమీటర్లలో మాట్లాడలేదు. ఆయన యూనిట్ "పదును". "నిన్న పడ్డది గని, పదును కాలే బిడ్డా" అంటే చినుకులు పడ్డాయి, నాగలి దిగేంత తడి భూమిలోకి పోలేదు అని. నాకైతే ఇది మిల్లీమీటర్ కంటే తెలివైన యూనిట్ అనిపిస్తుంది. ఎందుకంటే అందులో వాన ఒక్కటే కాదు, నేల కూడా ఉంది. చెలకలో పదును తొందరగా అవుతుంది, తొందరగానే పోతుంది. పది రోజులు వాన మొహం చాటేస్తే మొక్క వాడిపోతుంది. రేగడిలో పదును కావడానికి వాన ఎక్కువ కావాలి, అయ్యాక రోజుల తరబడి నిలుస్తుంది. కానీ ముసురు పట్టి వారం వదలకపోతే పత్తి వేళ్ళు కుళ్ళి చేనంతా పసుపెక్కుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే వానకి, వాగుకి ఇవతలి రైతు సంతోషిస్తే అవతలి రైతు ఏడుస్తాడు. యాప్ లో ఇద్దరికీ అదే మబ్బు బొమ్మ.

కార్తెలు కూడా అలాంటివే. మన చదువుకున్నవాళ్ళకి కార్తె అంటే మిరుగు రోజు చేపల రేటు పెరగడం, రోహిణిలో రోళ్ళు పగలడం, అంతే. నిజానికి అది మంచి డేటా మోడల్. చంద్రుడి తిథుల్లా ఏటా అటూ ఇటూ జరగదు, సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది. ఏడాదికి 27 ముక్కలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రైతుకి నెల మరీ పెద్దది, రోజు మరీ చిన్నది, రెండు వారాలే సరైన సైజు (మన స్ప్రింటు కూడా అంతే కదా!). ఎప్పుడు ఏం విత్తాలి, ఎప్పటికి వాన రాకపోతే ఆశ వదులుకోవాలి, అన్నీ ఆ ముక్కలకి తగిలించి పెట్టారు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత వినే ఉంటారు. సెప్టెంబర్ మధ్యలో ఉత్తర కార్తె వచ్చేసరికి కూడా వాన తీరు బాగోకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలమని. వలసకి అది డెడ్‌లైన్.

అలాగని పెద్దలు చెప్పిందంతా వేదం అనే బాపతు కాదు నేను. కార్తెలు నక్షత్రాలకి కట్టి ఉన్నాయి, ఋతువులకి కాదు. భూమి అక్షం తిరుగుడు వల్ల సుమారు డెబ్బై రెండేళ్ళకి ఒక రోజు చొప్పున జరుగుతూ ఉంటాయి. గణపతిదేవుడి కాలంలో మిరుగు ఇప్పటి క్యాలెండర్ లెక్కలో మే చివర్లోనే వచ్చి ఉండాలి. అంటే ఎనిమిది వందల ఏళ్ళలో పదకొండు రోజుల బగ్ పేరుకుపోయింది. అది పెద్ద ఇబ్బంది కాదు, సామెతలు మధ్యలో ఎవరో ఒకరు అప్‌డేట్ చేసుకుంటూ వచ్చుంటారు. అసలు ఇబ్బంది ఈ మధ్యది. మిరుగు రాగానే ఒక వాన పడుతుంది, అందరూ పత్తి గింజలు పెట్టేస్తారు, ఆ తర్వాత రెండు వారాలు ఎండ. వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు అరవై డెబ్బై మిల్లీమీటర్లు పడేదాకా ఆగమని ఏటా చెబుతూనే ఉంటారు. కానీ పక్క చేనాయన పెట్టేశాక ఆగడం ఎవరివల్లా కాదు. మొలక రాకపోతే మళ్ళీ కొనాలి. 2024 లో పత్తి విత్తనాల ప్యాకెట్ 864 రూపాయలు, ఎకరానికి రెండు ప్యాకెట్లు, పైన కూలి. అయిదెకరాల కౌలు రైతుకి ఒక తప్పుడు అంచనా ఖరీదెంతో మీరే లెక్కేసుకోండి. మనకి అది వీకెండ్ ట్రిప్పు ఖర్చు కాకపోవచ్చు, ఆయనకి అది వడ్డీకి తెచ్చిన డబ్బు.

ఇక ఎండాకాలం. ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది.. మేలో 44, 45 మామూలే. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకి పోయారు, పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలివాళ్ళు. దాని మీద విడిగా రాయాలి. ఇక్కడ చెప్పాలనుకున్నది వేరే: మా దిక్కు రైతు ఎండాకాలంలో భయపడేది ఎండకి కాదు, వానకి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కల్లాల్లో ఆరబోసి ఉంటుంది. నర్సంపేట, పరకాల వైపు వెళితే రోడ్డు పక్కన ఎకరాలకి ఎకరాలు ఎర్రటి దుప్పటి పరిచినట్టుంటుంది, ఘాటుకి బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా తుమ్ముతారు. అక్కణ్ణుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్ కి పోతుంది. ఏడాది పెట్టుబడి మొత్తం ఆ దుప్పటి మీద ఉంటుంది. ఆ సమయంలో సాయంత్రం నాలుక్కి గాలిదుమారం లేచి అరగంట వాన కొడితే చాలు, కాయ తడిసి తాలు అవుతుంది, రేటు సగానికి పడుతుంది. అరగంట వాన ఏ సగటుకీ ఆనదు. 2022 జనవరిలో, అంటే మన లెక్కలో వాన ఊసే ఉండకూడని సంక్రాంతి ముందు, వడగళ్ళు పడి వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో మిర్చి నేలపాలైంది. అప్పటికే ఆ ఏడాది నల్ల తామర పురుగు సగం తోటల్ని తినేసింది. మిగిలినదాన్ని రాళ్ళవాన తీసుకుపోయింది. 2023 మార్చి లో మళ్ళీ వడగళ్ళు. ఈసారి మొక్కజొన్న, మామిడి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దుగ్గొండి మండలం దాకా వచ్చి చూసి ఎకరానికి పది వేలు ప్రకటించారు.

ప్రకటనలు సరే, బీమా సంగతేంటి అంటారా? వాతావరణం మీద బీమా అన్నది మన దేశంలో మొదలైందే మన దగ్గర. 2003 లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వానలెక్క ఆధారంగా రైతులకి పాలసీలు అమ్మాయి. ఆలోచన చక్కనిది: చేలోకి వచ్చి నష్టం అంచనా వేసే ఆఫీసర్ అక్కర్లేదు, వాతావరణ కేంద్రంలో రీడింగు చూసి డబ్బులిచ్చేస్తారు. ఆటోమేషన్! కానీ కేంద్రం దగ్గర వాన పడి, ఎనిమిది కిలోమీటర్ల అవతల మీ చేలో పడకపోతే, సిస్టమ్ ప్రకారం మీకు వాన పడినట్టే. వడగళ్ళయితే మరీ అన్యాయం, అవి ఒక గట్టుకి ఇటు పడి అటు పడవు. తర్వాత వచ్చిన ప్రభుత్వ పథకాలు కూడా ఈ ముడి విప్పలేకపోయాయి, చివరికి 2020 లో తెలంగాణ ఫసల్ బీమా నుంచే తప్పుకుంది. నేనైతే దీన్ని ఇన్సూరెన్స్ సమస్య అనను, సెన్సార్ల సమస్య అంటాను. మండలానికి ఒక డబ్బా చాలదు.

1997-98 లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయినప్పుడు మనలో చాలామంది ఎంసెట్ కి చదువుతున్నారు. పురుగు, కల్తీ మందులు, అప్పులు, అన్నిటికీ తోడు ఆ ఏడాది తప్పిన వానలు. హాస్టల్ టీవీలో చూసి ఛానల్ మార్చిన సంగతి కాదది, మా బ్యాచ్ లో కొందరి ఇళ్ళ సంగతి.

ఇప్పుడు ఊరు వదిలి సిటీకి వద్దాం. 2020 ఆగస్టులో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. 2023 జూలైలో మళ్ళీ మునిగాయి, ఆ వాన్లకే భద్రకాళి చెరువు కట్టకి పోతన నగర్ వైపు గండి పడింది. 2025 అక్టోబర్ 29న మొంథా తుఫాను.. బంగాళాఖాతంలో పుట్టి కాకినాడ దగ్గర తీరం దాటిన తుఫాను ఇక్కడిదాకా వచ్చి హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఒక్కరోజులో 400 మిల్లీమీటర్ల పైన కుమ్మరించింది, కాలనీలు మూడోసారి మునిగాయి. ప్రతిసారీ టీవీలో ఒకటే మాట, "కనీవినీ ఎరుగని వర్షం". అయిదేళ్ళలో మూడుసార్లు వచ్చినదాన్ని కనీవినీ ఎరగం అంటే ఎలా?

వరంగల్ ఎక్కడ ఉందో ఒకసారి మ్యాపులో చూడండి. అటు గోదావరికీ ఇటు కృష్ణకీ మధ్య గట్టు మీద ఉంది. ఉత్తరాన, తూర్పున పడ్డ నీళ్ళు గోదావరికి పోతాయి. దక్షిణాన పడ్డవి ఆకేరు, మున్నేరు పట్టుకుని కృష్ణకి పోతాయి. రాజధాని పక్కన ఏడాదంతా పారే నది లేదు. కాకతీయులు చెరువులు తవ్వించింది పుణ్యం కోసమో శిల్పం కోసమో మాత్రమే కాదు, వేరే దారి లేక. నాలుగు నెలల వానని పన్నెండు నెలలు తాగాలి. రామప్ప, పాకాల, లక్నవరం, ఘనపురం లాంటి పెద్ద చెరువులే కాదు, ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకి, అది నిండితే ఆ కిందిదానికి.. గొలుసుకట్టు. మన భాషలో చెప్పాలంటే బఫర్లు, ఓవర్‌ఫ్లో హ్యాండ్లర్లు. అన్నట్టు, రామప్ప చెరువున్న పాలంపేట కూడా లక్ష్మీదేవిపేట ఉన్న వెంకటాపూర్ మండలమే. రాష్ట్రంలో రికార్డు వాన పడిన మండలంలోనే ఎనిమిది వందల ఏళ్ళ కట్ట ఇంకా నిలబడి ఉంది.

సిటీలో ఆ గొలుసుని మనం తెంపేశాం. మత్తడి నీళ్ళు పోయే నాలా మీద కాంప్లెక్సులు కట్టాం. శిఖం భూముల్లో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళుండే చోట, లేఔట్లు వేశాం. నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్.. మునిగిన చోట్ల పేర్లు ప్రతిసారీ దాదాపు అవే. మునిగేది వాన పేరు చూసి కాదు, నేల పల్లం చూసి. "మనం" అని కావాలనే అంటున్నా. ఆ ప్లాట్లు కొన్నవాళ్ళలో ఐటీ జీతాలు, డాలర్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మనవాళ్ళు ఎక్కువగా డిసెంబర్ సెలవుల్లో వస్తారు. డిసెంబర్ లో వరంగల్ ఎంత బాగుంటుందంటే, పొద్దున పదమూడు పద్నాలుగు డిగ్రీలు, కాస్త మంచు, వేయి స్తంభాల గుడి దగ్గర ఇరానీ చాయ్, వాన చుక్క ఉండదు, ఏ నేలైనా గట్టిగా, చదునుగా, అందంగా ఉంటుంది. బ్రోకర్ చూపించిన ప్లాటు పక్కన ఉన్న చిన్న గుంట ఏంటని ఎవరూ అడగరు. అడిగినా "క్రికెట్ ఆడుకునే గ్రౌండ్ సార్" అంటాడు.

నా సలహా ఒకటే. కొనే ముందు ఆ సర్వే నంబర్ పట్టుకుని ఇరిగేషన్ ఆఫీసులో చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి, ఊళ్ళో ఎవరినైనా జూలై చివర్లో ముసురు పట్టినప్పుడు అక్కడికి పంపి ఫోటో తీయించండి. లోన్ ఇచ్చే బ్యాంకు చూస్తుందిలే అనుకోకండి, బ్యాంకు చూసేది మీ పే స్లిప్పు.

ఇక ఆ డబ్బాల విషయం. కొన్నేళ్ళ క్రితం ఆన్‌సైట్ లో అయోవాలో ఒక చిన్న కౌంటీలో ఏడాదిన్నర ఉన్నాను. చుట్టూ మొక్కజొన్న, సోయా, జనాభా మన ఒక మండలమంత కూడా ఉండదు. ఆ కౌంటీకి నూరేళ్ళ పైబడిన రోజువారీ వానలెక్క ఉంది! రాసింది ప్రభుత్వ ఉద్యోగులు కాదు, ఎక్కువగా రైతులు, టీచర్లు. 1890 నుంచి అమెరికాలో సహకార పరిశీలకుల పద్ధతి ఒకటి నడుస్తోంది. రోజూ ఒకే వేళకి డబ్బా చూసి రాయడమే పని. కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ ఊరికి 1997 జూలైలో వరదొచ్చింది. ఊరికి ఒక పక్క పద్నాలుగు అంగుళాలు పడితే ఇంకో పక్క చాలా తక్కువ. ఉన్న కొద్ది డబ్బాలకి ఆ తేడా అందలేదు. మరుసటి ఏడాది అక్కడి యూనివర్సిటీ వాళ్ళు మామూలు జనానికి నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టాలిచ్చి కొలవమన్నారు. ఇప్పుడది దేశమంతా ఉంది. హెచ్చరికలు కూడా అంతే, ముందు కౌంటీ మొత్తానికి ఇచ్చేవాళ్ళు, 2007 నుంచి తుఫాను పోయే దారికి మాత్రమే గీత గీసి ఇస్తున్నారు. కౌంటీ మొత్తానికి పదే పదే సైరన్ మోగిస్తే జనం వినడం మానేస్తారు కదా మరి. మన దగ్గర "ఆరెంజ్ అలర్ట్" అని జిల్లా మొత్తానికి వచ్చినప్పుడు మా ఊళ్ళో ఏమంటారో తెలుసా.. "రోజూ గదే చెప్తరు".

అమెరికా గొప్ప, మనం తక్కువ అని కాదు. మన ఉపగ్రహాలు, మన రాడార్లు, పిడుగుల కోసం దామిని, రైతుల కోసం మేఘదూత్ యాప్ లు అన్నీ ఉన్నాయి. పైనుంచి చూడ్డంలో మనకి లోటు లేదు. కింద నిలబడి రోజూ రాసే మనిషి లేడు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలి లాంటిది వచ్చి కొన్ని గంటల్లో వేల చెట్లు పడగొట్టింది. ఆ రాత్రే మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి విజయవాడ లైను ఆగిపోయింది. అడవిలో సంగతి అటువైపు వెళ్ళిన అటవీ సిబ్బంది చూస్తే గానీ బయటికి తెలియలేదు.

కాబట్టి నేను మొదలుపెట్టింది ఇది. మా ఊరి బడిలో ఒక గొట్టం పెట్టించాను, సారు ఒప్పుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు పొద్దున ఎనిమిదిన్నరకి చూసి గోడ మీద రాస్తారు, ఫోటో తీసి పంపిస్తారు. ఆదివారాలు, దసరా సెలవులు గండి పడుతున్నాయి, వాటికి బడి పక్కింటి కిరాణా కొట్టాయన్ని మాట్లాడుకున్నాం. పిల్లలతో ఇంకో కాలమ్ కూడా రాయిస్తున్నా: "పదును అయిందా, కాలేదా" అని. చెలకకి ఒకటి, రేగడికి ఒకటి. అది మా పెద్దబాపు చూసి చెబుతాడు, ఫీజు రోజుకో బీడీ కట్ట అన్నాడు, టీచర్ గారు ఒప్పుకోలేదు, చాయ్ కి దిగాడు :)

పర్వతగిరి, నెక్కొండ, చెన్నారావుపేట, తొర్రూరు, పాలకుర్తి.. ఆ వైపు ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. గొట్టం నేను పంపిస్తాను, కొలిచే మనిషిని మీరు చూడండి. మిరుగు లోపు పెట్టించాలి.